బతకలేక బడిపంతులేనా?

(చెన్నై స్టూడియోలో జరిగిన చర్చ నుంచి కొంత భాగం)

యాంకర్: ‘బతకలేక బడిపంతులు’ అనే మాట మనవాళ్లు ఇంకా వదల్లేదు. మాస్టారూ, మీరూ అలాగే వచ్చారా?

రిటైర్డ్ మాస్టారు: నేను బతకడానికే వచ్చానండీ! ఉత్తర చెన్నైలో ప్రభుత్వ బడి, తెలుగు సబ్జెక్టు. 2003 ఏప్రిల్‌కు ముందే చేరాను కాబట్టి నెలనెలా ప్రభుత్వమే ఇచ్చే పాత పెన్షన్ దక్కింది. ఒకటో తారీఖున బ్యాంకు మెసేజ్ వస్తే మా ఆవిడ దృష్టిలో నేనే మహారాజుని.

ప్రైవేటు స్కూల్ మ్యాథ్స్ టీచర్: అందుకే సార్, మీకు నవ్వొస్తోంది. నాది 18 ఏళ్ల సర్వీసు, బేసిక్ 26 వేలు. పెరంబూరులో అద్దె కట్టాక మిగిలింది చాలక సాయంత్రం ట్యూషన్లు. లాక్‌డౌన్‌లో సగం జీతమే ఇచ్చారు, క్లాసులు మాత్రం మొత్తం చెప్పించుకున్నారు.

యాంకర్: మరి ఎందుకు మానలేదమ్మా?

టీచర్: ఆరో తరగతిలో ఒకడికి భిన్నాలంటే ఏడుపే. మూడో వంతు కంటే నాలుగో వంతు పెద్దదని వాడి వాదన, మూడు కంటే నాలుగు పెద్దది కదా! నా టిఫిన్ డబ్బాలో దోసె తీసి ముక్కలు చేశాను. కాసేపు చూసి, ‘అయితే ఎక్కువమంది వస్తే నాకే తక్కువ మిస్’ అన్నాడు. ఆ రోజు బస్సులో నిలబడి ఇంటికి పోయినా కాళ్లు నొప్పి పుట్టలేదు. మర్నాడు పుట్టాయి లెండి.

మాస్టారు: మీకు ఆ దోసె ఉంది తల్లీ. 2006లో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక, మా తెలుగు క్లాసులో పిల్లలు ఏటేటా తగ్గారు. జీతం పూర్తిగా వచ్చేది, ఎదురుగా బెంచీలు ఖాళీ. ఆ జీతం తీసుకోవడం ఎంత కష్టమో చెబితే ఎవరూ నమ్మరు. అది సరే, మీ గ్రాట్యుటీ సంగతేంటి? అదే, ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి యాజమాన్యం ఇవ్వాల్సిన డబ్బు.

టీచర్: టీచర్లకు రాదన్నారు సార్ ఆఫీసులో.

మాస్టారు: అది 2004 నాటి సుప్రీంకోర్టు తీర్పు. 2009లో చట్టం సవరించారు, 1997 నుంచీ వర్తించేలా. ఆ సవరణ చెల్లుతుందని 2022లో సుప్రీంకోర్టే చెప్పింది. అయిదేళ్లు చేసి మానేసినా ఇవ్వాలి. ఆఖరి బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించండి.

టీచర్: డీఏ లేదు సార్. 15 వేలు ఇంటూ 18... రెండు లక్షల డెబ్బై వేలా!

యాంకర్: లెక్క నోటితోనే చేసేశారే!

టీచర్: ఇన్నేళ్లూ ఈ ఒక్క లెక్క చేసుకోలేదండీ. రేపే అడుగుతాను.

మాస్టారు: నోటితో అడగొద్దు. కాగితం మీద రాసి ఇవ్వండి, కాపీ మీద ముద్ర వేయించుకోండి.