డెల్ఫ్ట్ ట్యూలిప్ వాజ్ రివ్యూ: ముందు మూతులు చూడండి

నమస్కారం. టేబుల్ మీదున్నది ఐదు మూతుల నీలం తెలుపు ట్యూలిప్ వాజ్. విసనకర్రలా పరుచుకున్న రకం. ఇలాంటివి "17వ శతాబ్దపు డెల్ఫ్ట్", అంటే హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో చేసినవి, అని చెప్పి అమ్ముతుంటారు. ఇది నిజంగా అంత పాతదేనా?

ముందు ఒక అపోహ తీసేద్దాం, ఈ వాజ్‌లు 'ట్యూలిప్ పిచ్చి' కాలం నాటివని. హాలండ్‌లో ట్యూలిప్ దుంపల ధరలు ఆకాశానికంటిన ఆ పిచ్చి 1637లోనే కుప్పకూలింది. ఈ వాజ్‌లకు గిరాకీ వచ్చింది దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత. ఇంగ్లండ్ రాణి రెండో మేరీ తన హ్యాంప్టన్ కోర్టు రాజభవనం కోసం డెల్ఫ్ట్ పట్టణంలోని 'గ్రీక్ ఏ' కార్ఖానా నుంచి పెద్ద పెద్ద వాజ్‌లు తెప్పించుకుంది. వాటిలో ట్యూలిప్‌లే కాదు, రకరకాల పూలు పెట్టేవారు. అంతస్తుల వాజ్‌లైతే మీటరు దాటేవి, ఏ అంతస్తు నీళ్లు ఆ అంతస్తువే.

ఇక అసలు పరీక్ష. డెల్ఫ్ట్ సరుకు చైనా పింగాణీ కాదు. లోపల లేత పసుపు మట్టి, పైన తగరం కలిపిన తెల్ల గ్లేజ్, అంటే గాజు లాంటి పూత. ఒకసారి కాల్చిన మట్టిని గ్లేజ్‌లో ముంచి ఆరనిస్తారు. ఆ పొడి పొర మీద కోబాల్ట్ నీలం రంగుతో బొమ్మ వేస్తారు. కుంచె తగలగానే రంగు ఇంకిపోతుంది, తుడిచి దిద్దడం కుదరదు. దాని మీద పల్చగా సీసం గ్లేజ్ చల్లి మళ్లీ కాలుస్తారు. అందుకే చేత్తో వేసిన గీతలో నీలం ఒకచోట చిక్కగా, ఒకచోట పల్చగా ఉంటుంది. భూతద్దంలో సమానమైన చుక్కలు కనబడితే అది అచ్చు బొమ్మ. దీంట్లో చుక్కలు లేవు, కుంచె పనే. ఇక్కడిదాకా బాగానే ఉంది.

మూతుల అంచులు చూడండి. మట్టి, గ్లేజ్ చల్లారేటప్పుడు ఒకేలా కుంచించుకోవు, అందుకే పాతవాటి అంచుల్లో గ్లేజ్ పెచ్చులూడుతుంది, లోపలి మట్టి బయటపడుతుంది. ఇక్కడ ఐదు మూతులూ నున్నగా ఉన్నాయి. అంటే ఈ వాజ్ కొత్తదై ఉండాలి. లేదా రిపేరు చేసినదై ఉండాలి. మూతులు విడిగా చేసి అతికిస్తారు కాబట్టి విరిగేది కూడా ఆ అతుకు దగ్గరే. చీకట్లో యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్ వేస్తే రిపేరు రంగు పక్కనున్న గ్లేజ్‌కి భిన్నంగా మెరుస్తుంది. ఇక్కడ అలాంటి తేడా ఏమీ లేదు.

అడుగు తిప్పితే విషయం తేలిపోతుంది. 'డెల్ఫ్ట్, హాలండ్' అని రాసుంది. ఇలా రాయడం చాలా తర్వాతి అలవాటు, కాబట్టి 17వ శతాబ్దం ఆశ వదులుకోవాల్సిందే. 'గ్రీక్ ఏ' యజమాని అడ్రియానస్ కాక్స్ గుర్తు 'ఏకే' ఉన్నా సంబరపడొద్దు, దాన్ని కాపీ కొట్టినవాళ్లు బోలెడుమంది. గుర్తు చూసి కాదు, మట్టి చూసి కొనండి.

నా తీర్పు: చక్కటి చేతిపని, అలంకరణకు తీసుకోవచ్చు, పురాతన వస్తువు ధర మాత్రం పెట్టొద్దు.

నిజంగా పాతదే దొరికితే అందులో నీళ్లు పోయకండి. గ్లేజ్ పగుళ్లలోంచి నీళ్లు మట్టిలోకి దిగి, ఆరేటప్పుడు లవణాలు పైకి వచ్చి గ్లేజ్‌ను లేపేస్తాయి. ప్రతి మూతిలో సన్నటి గాజు గొట్టం దించి ఒక్కో కాడ పెట్టండి. ఎత్తేటప్పుడు మూతి పట్టుకోకుండా రెండు చేతులతో అడుగు పట్టుకోండి.