టీచర్ బోర్డు వైపు తిరిగినప్పుడు

(తెర మీద: క్లాస్‌రూమ్. టీచర్ బోర్డు మీద లెక్క రాస్తూ మాట్లాడుతున్నారు.)

ఇందులో పొరపాటు ఎక్కడుందో చెప్పండి చూద్దాం. పాఠం బాగానే ఉంది, దస్తూరీ కూడా ముచ్చటగా ఉంది. కానీ రెండో వరుసలో ఉన్న పాపకి వినికిడి తక్కువ. చెవికి మెషీన్ ఉన్నా, టీచర్ పెదవులు కనిపిస్తేనే మాట పూర్తిగా అందుతుంది. ఆయన బోర్డు వైపు తిరిగినప్పుడల్లా పాఠంలో ఒక ముక్క ఎగిరిపోతోంది.

మెషీన్ పెడితే చెవి మామూలైపోతుందని చాలామంది అనుకుంటారు. అది టీచర్ గొంతుతో పాటు ఫ్యాన్ మోతనీ, బెంచీ లాగిన చప్పుడునీ కూడా పెంచుతుంది.

(తెర మీద: టీచర్ రాయడం ఆపి, పిల్లల వైపు తిరిగారు.)

అదే క్లాసులో చూపు తక్కువున్న బాబు ఉన్నాడనుకోండి. "ఇదీ ఇదీ కలిపితే ఇది" అంటే వాడికేం తెలుస్తుంది? "మూడూ నాలుగూ కలిపితే ఏడు" అని చదవాలి. కాబట్టి ముందు రాయాలి, తర్వాత తిరగాలి, అప్పుడు రాసింది పైకి చదవాలి. ఇద్దరికీ సరిపోతుంది. నిజానికి నోట్స్ రాసుకోలేక వెనకబడే మిగతా పిల్లలకీ ఊపిరి పీల్చుకునే టైమ్ దొరుకుతుంది.

1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు కలిసి, వైకల్యమున్న పిల్లలు మామూలు బడుల్లోనే చదవాలన్నారు. వైకల్యమున్నవారి హక్కుల మీద 2006లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం, 24వ అధికరణంలో, దాన్ని హక్కుగా రాసింది. అడ్మిషన్ దాకా సరే. లోపలికొచ్చాక సంగతేంటి?

(తెర మీద: వీల్‌చైర్‌లో ఒక బాబు, పక్కనే సహాయకురాలు.)

టీచర్ ఏమడుగుతున్నారో వినండి: "బాబుకి అర్థమైందాండీ?" ప్రశ్న వెళ్లింది సహాయకురాలికి! బాబు అక్కడే ఉన్నాడు, మాటా వచ్చు. పెద్దవాళ్లెవరైనా ఎప్పుడూ అతుక్కునే ఉంటే పక్క పిల్లలూ దగ్గరికి రారు. సాయం మంచిదే, కాదనను. ర్యాంపు, స్పెషల్ ఎడ్యుకేటర్, పరీక్షలో అదనపు సమయం, ఇవన్నీ కావాలి, వీటికి డబ్బూ కావాలి. కానీ సహాయకురాలి కుర్చీని నాలుగడుగులు వెనక్కి జరపడానికి పైసా అక్కర్లేదు.

(తెర మీద: సహాయకురాలి కుర్చీ వెనక్కి జరిగింది. బాబు పెన్సిల్ కింద పడింది. సహాయకురాలు లేవబోయి ఆగింది. పక్క బెంచీ పిల్ల వంగి తీసిచ్చి, "నీకు ఆరో లెక్క వచ్చిందా?" అని అడిగింది.)