థర్మామీటర్ చెప్పేది తన వేడే

సభకు నమస్కారం. పెద్దలందరినీ పేరుపేరునా తలుచుకోవడం మర్యాదే. కానీ నాకిచ్చిన సమయం తక్కువ, పైగా ఈ బల్ల మీద గ్లాసులో పెట్టిన ఐసు కరుగుతోంది. అందుకే అందరికీ కలిపి ఒకటే నమస్కారం. ఆ గ్లాసు సంగతి చివర్లో చెబుతాను.

ఆహ్వానపత్రంలో ‘థర్మామీటర్ చరిత్ర’ అని వేశారు. ఆ చరిత్ర రెండు ముక్కల్లో తేల్చేస్తాను. ఫారన్‌హీట్ 1714లో పాదరసం థర్మామీటర్ చేశాడు. 1742లో సెల్సియస్ నీళ్లు మరిగే చోట 0, గడ్డకట్టే చోట 100 వేసుకున్నాడు. అవును, తలకిందులుగానే. 1744లో ఆయన పోయాక దాన్ని తిరగేశారు. అంటే అంకెలు మనం గీసుకున్నవే. గీత ఎక్కడ పడాలో చెప్పేవి మాత్రం ఐసు, ఆవిరి.

ఇక అసలు మాట. ఏ థర్మామీటరూ ఎదుటి వస్తువు వేడి చెప్పదు. తన వేడే చెబుతుంది. ఆ రెండూ సమానమయ్యేలా చూసుకునే బాధ్యత మనది. చేతిలో ఉన్న మీటరు రెండు దశాంశాలు చూపిస్తుంటే అది నిజమే చెబుతోందని నమ్మేస్తాం. అక్కడే మోసపోతాం.

గాజుదాన్నే తీసుకోండి. డిగ్రీ వేడెక్కితే పాదరసం పదివేలలో 1.8 వంతులు ఉబ్బుతుంది. ఇంత చిన్న మార్పు కంటికి ఆనాలనే బల్బును లావుగా, గొట్టాన్ని వెంట్రుకలా చేస్తారు. జ్వరం చూసే దాంట్లో బల్బు మెడ దగ్గర ఒక నొక్కు ఉంటుంది. చల్లారేటప్పుడు పాదరసం అక్కడ తెగిపోయి, పైనున్న తీగ పైనే నిలిచిపోతుంది. విదిలించేది అందుకే. విదిలించకుండా పెడితే నిన్నటి జ్వరం ఇవాళా కనిపిస్తుంది. ల్యాబుల్లో వాడే దానికి ఆ నొక్కు ఉండదు. దాన్ని బయటికి తీసి చదివితే మీరు చదివేది గది గాలిని.

ఇంకోటి. పూర్తిగా ముంచి చదవాల్సిన థర్మామీటర్ 200 చూపిస్తోంది, 150 డిగ్రీల మేర పాదరసం తీగ బయటే ఉంది, ఆ బయటి భాగం 40 డిగ్రీల దగ్గరుంది అనుకుందాం. గాజు ఉబ్బడం పోగా గొట్టంలో కనిపించే పాదరసం ఉబ్బు డిగ్రీకి 0.00016. దిద్దుబాటు దాన్ని 150తో, మళ్లీ 200కీ 40కీ ఉన్న తేడా 160తో హెచ్చిస్తే వస్తుంది. 3.8 డిగ్రీలు. పరికరం మంచిదే, అయినా అంత తక్కువ చూపిస్తోంది!

కరెంటు మీద పనిచేసేవాటికీ ఇలాంటి తిప్పలే. పీటీ-100 అనే ప్లాటినం తీగ నిరోధం 0 దగ్గర 100 ఓములు, 100 దగ్గర 138.5. డిగ్రీకి సుమారు 0.385 ఓము అన్నమాట. మీటరుకు రెండే వైర్లతో కలిపితే, ఆ రెండు వైర్లూ కలిసి ఒక్క ఓము ఉన్నా 2.6 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. మూడో వైరు వేసేది దీనికే. రెండు వేర్వేరు లోహాల తీగలను కొస దగ్గర కలిపి చేసే థర్మోకపుల్ ఇంకా చిత్రం. అది చెప్పేది రెండు కొసల మధ్య తేడాను మాత్రమే. కె రకంలో డిగ్రీకి దాదాపు 41 మైక్రోవోల్టులు. వైరు చాలలేదని మామూలు రాగి తీగ అతికిస్తారు. అతుకు 45 డిగ్రీల చోట, మీటరు 25 డిగ్రీల చోట ఉంటే, చూపించే అంకెలో ఏకంగా 20 తగ్గిపోతుంది. కొలిమి వెలుగుతూనే ఉంటుంది, మీటరు మాత్రం ఇంకా వేడి చాలలేదంటుంది.

ఇక తాకకుండా దూరం నుంచే వేడి కొలిచే ఆ పిస్తోలు సంగతి. గాలి ఉష్ణోగ్రత, నీడ, థర్మామీటర్‌కు ఎండ తగలకుండా ఉంచే తెల్లపెట్టె గురించి చెప్పాలని రాసుకొచ్చాను గానీ, ఈ ఇన్‌ఫ్రారెడ్ గన్‌ను తలుచుకుంటే మిగతావన్నీ పక్కకు పోతాయి. ఎర్ర చుక్క పడ్డ చోటే కొలుస్తుందని ఎవరు చెప్పారండీ? ఆ చుక్క గురి చూసుకోవడానికే. 12:1 అని రాసి ఉంటే, 12 అడుగుల దూరం నుంచి అది చూసేది అడుగు వెడల్పు వలయాన్ని. ఆ వలయంలో ఏమేం పడితే అన్నిటి సగటూ వస్తుంది. గాజు అవతలిది దానికి కనపడదు, గాజునే కొలుస్తుంది. మెరిసే స్టీలు మీద పెడితే ఆ అద్దంలో మీ ముఖమే కొలుస్తుంది! సలసల కాగే గిన్నె 40 డిగ్రీలంటుంది. గిన్నెను తాకి చేయి కాల్చుకోకండి. గిన్నె మరీ వేడిగా లేనప్పుడు నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, అది గిన్నెతో సమానంగా వేడెక్కేదాకా ఆగి, మీటరులో ఎమిసివిటీ (ఉపరితలం వేడిని ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే అంకె) 0.95 పెట్టి, టేపు మీదికి గురిపెట్టండి. 80 డిగ్రీలు దాటే చోట టేపు ఊడొస్తుంది. అక్కడ వేడికి తట్టుకునే, మెరుపు లేని నల్లరంగు పూయాలి.

గాలి సంగతి ఒక్క మాటలో: ఎండలో పెట్టిన థర్మామీటర్ గాలిని కాదు, తన ఒంటికి తగిలిన ఎండను కొలుస్తుంది.

ఇప్పుడు గ్లాసు దగ్గరికి వద్దాం. కరిగే ఐసు సున్నా దగ్గరే ఉంటుంది, మీటరు నిజం చెబుతోందో లేదో దాంతో సరిచూద్దాం. వెనకున్నవాళ్లు ముందుకు రండి, పర్వాలేదు. డిస్టిల్డ్ నీళ్లతో చేసిన ఐసును శనగగింజలంత నలగ్గొట్టి గ్లాసు నిండా పోశాం. సందులు పూడేంత నీళ్లే పోశాం. ఎక్కువ పోస్తే ఐసు పైకి తేలి, అడుగున 4 డిగ్రీల నీళ్లు చేరతాయి, ఎందుకంటే నీళ్లు అత్యంత బరువెక్కేది 4 దగ్గరే. ఉప్పు అంటిన చెయ్యి తగలకూడదు, సున్నా కిందికి దిగిపోతుంది. థర్మామీటర్ మొన గ్లాసు అడుగునూ గోడనూ తాకకుండా, గొట్టం మందానికి కనీసం పది రెట్లు లోతుకు దింపాలి. నెమ్మదిగా కలుపుతూ ఐదు నిమిషాలు ఆగాలి. మరిగే నీళ్లతో కూడా సరిచూడొచ్చు కదా అంటారేమో. దాదాపు ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ మరిగే స్థానం ఒక డిగ్రీ పడిపోతుంది, వాతావరణ పీడనం తెలిస్తే తప్ప ఆ 100ను నమ్మలేం. ఐసుకు ఆ పేచీ లేదు.

బాబూ, నువ్వు చదువు. కన్ను ఆ అంకెకు సమానంగా పెట్టి. ఎంత? 0.8. ఇంకో నిమిషం ఆగి మళ్లీ చదువు. అదే 0.8. సరే, ఆ పెన్ను ఇలా ఇవ్వు. మీటరు వెనక కాగితం అతికించి ఇవాళ్టి తేదీ వేద్దాం: ‘ఐసులో +0.8, ఈ చుట్టుపక్కల చదివినప్పుడు 0.8 తీసెయ్యాలి.’ దూరపు అంకెలకు ఇదే దిద్దుబాటు చాలదు, అక్కడ మళ్లీ సరిచూడాలి. మీలో ఎవరి దగ్గర మీటరుంటే వాళ్లు వరసగా రండి, ఐసు ఇంకా ఉంది.