ఇంటి మాటకు ఎర్ర గీత

(చెన్నైలో తెలుగు భాషా దినోత్సవ సభలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఆగస్టు 29 వస్తే గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకుంటాం. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి నాకన్నా బాగా చెప్పగల పెద్దలు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను ఆయనకు దణ్ణం పెట్టుకునేది ఇంకో పనికి. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ఆయన అక్కడి సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించారు. పంతులే పిల్లల మాట దగ్గరికి నడిచి వెళ్లాడు. ఆ నడక నేర్చుకోవడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

మాది ప్రకాశం జిల్లా. పెళ్లయి మద్రాసు వచ్చాను. ఊరి పేరు చెన్నైగా మారిన 1996లోనే ఉత్తర చెన్నైలో ఒక బడిలో తెలుగు టీచరుగా చేరాను. కొరుక్కుపేట, తండయార్‌పేట, వ్యాసర్పాడి వైపు నుంచి పిల్లలు వచ్చేవాళ్లు. ముత్తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్న కుటుంబాలు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ పిల్లల తెలుగును బాగుచేయడానికే నేను వచ్చానని నిజంగా నమ్మాను. అందుకు పనిముట్టు కూడా ఉంది, ఎర్ర సిరా పెన్ను.

ఏడో తరగతిలో ఒకసారి ‘మా ఇంట్లో ఉదయం’ అని వ్యాసం రాయమన్నాను. ఒక అబ్బాయి పేజీన్నర రాశాడు. ‘అమ్మ అవసరంగా పనికి పోయింది. అవ్వ మాడి మీద బట్టలు ఆరవేసి, కూడు వండి, నాకు పెట్టింది’ అని ఒక చోట ఉంది. ‘అవసరంగా’ కింద గీత గీసి ‘తొందరగా’ అని రాశాను. ‘మాడి’ కొట్టేసి ‘మేడ’ అన్నాను. ‘కూడు’ చుట్టూ సున్నా చుట్టి ‘అన్నం’ అని రాసి, పక్కన ‘మోటు మాట’ అని కూడా చేర్చాను. పేజీన్నరలో పందొమ్మిది గీతలు. పుస్తకం తిరిగి ఇచ్చినప్పుడు ఆ అబ్బాయి గీతలను వేలితో ఒక్కొక్కటే తడుముతూ లెక్కపెట్టడం చూశాను. శ్రద్ధగా చూసుకుంటున్నాడని సంతోషించాను.

ఆ తర్వాత అతను ఏది రాసినా నాలుగు వరుసలే. గైడులో ఉన్న వాక్యాలు, ఉన్నది ఉన్నట్టుగా. ఒక్క తప్పు ఉండేది కాదు. మంచి మార్కులు వేశాను. తప్పు లేకపోవడానికి కారణం ఆ నాలుగు వరుసల్లో అతను లేకపోవడమేనని అప్పుడు నాకు తోచలేదు.

సంవత్సరం చివర అతని అవ్వ బడికి వచ్చింది. ఫిర్యాదు చేయడానికి వచ్చిన మనిషి కాదు, భయం భయంగా నిలబడింది. “వీడు నాతో తెలుగు మాట్లాడటం మానేశాడు టీచరమ్మా. నేనేం అడిగినా తమిళంలో జవాబు చెబుతున్నాడు. మన ఇంటి తెలుగు తప్పు అంటున్నాడు. మరి ఏది తప్పో నాకు కూడా చెబితే దిద్దుకుంటాను” అంది. డెబ్బై ఏళ్ల మనిషి నా ముందు చేతులు కట్టుకుని అడిగిన మాట అది. ఏదో చెప్పి పంపేశాను. ఏం చెప్పానో గుర్తు లేదు, ఆమె కట్టుకున్న చేతులు మాత్రం గుర్తున్నాయి.

ఆ రోజుల్లోనే సాయంత్రాలు మైలాపూరులో ఒక తమిళ సంగీత విద్వాంసురాలికి తెలుగు చదవడం నేర్పేదాన్ని. అరవై దాటిన మామి. త్యాగరాజ కీర్తనలు వందకు పైగా కంఠస్థం. తమిళ లిపిలో ఉన్న ఆమె పాటల పుస్తకం చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ అక్షరం ఒక్కటే. అందుకని ఆ అక్షరం పక్కన చిన్న అంకెలు వేస్తారు. 2 ఉంటే ఖ, 3 ఉంటే గ, 4 ఉంటే ఘ. పరాయి భాషలోని ఒత్తు ఒక్కటి కూడా జారిపోకూడదని ఆమె నలభై ఏళ్లుగా ఆ అంకెలు చూసుకుంటూ పాడుతోంది. ఇక అంకెలు వద్దు, అసలు అక్షరాలే చూసి పాడాలని నా దగ్గరికి వచ్చింది.

ఒకనాడు ఒక కీర్తనలోని మాట చూపించి, “మీ ఊళ్లో కూడా ఇలాగే అంటారా?” అని అడిగింది. అనరు. ఆ మాట చెబుతుంటేనే నాకు తట్టింది. త్యాగరాజస్వామి 1767లో పుట్టింది తిరువారూరులో, జీవితమంతా గడిపింది తిరువయ్యారులో. ఆయన నోటి తెలుగు కావేరి ఒడ్డున తమిళం మధ్య పెరిగిన ఇళ్ల తెలుగు. ఆయన పాడితే కళ్లు మూసుకుని చేతులు జోడిస్తాం. అదే నేల మీద పెరిగిన ఒక పిల్లవాడు తన అవ్వ మాట రాస్తే నేను పందొమ్మిది గీతలు గీశాను. ఆ రాత్రి బస్సులో కూర్చుని ఏడ్చాను. దాచుకోవలసిన పని లేదు.

అప్పటి నుంచి నేను కొట్టేసిన మాటలన్నీ ఒక్కొక్కటే వెతకడం మొదలుపెట్టాను. ‘అవసరం’ సంస్కృతంలో సమయం, సందర్భం. మనం దాన్ని కావలసినది అనే అర్థానికి తెచ్చుకున్నాం, తమిళులు తొందర అనే అర్థానికి తీసుకెళ్లారు. ఇద్దరమూ దారి మళ్లినవాళ్లమే. చెన్నై పిల్లలు చిరునామాను ‘విలాసం’ అంటారు, అది తమిళం నుంచి వచ్చిందని దిద్దేదాన్ని. మనం ఒప్పు అనుకునే ‘చిరునామా’ పారశీకం నుంచి వచ్చిన మాట. ఇక ‘కూడు’ అచ్చ తెలుగు. కూడు, గూడు, గుడ్డ అని ప్రతి సభలోనూ అంటాం. ఒక అవ్వ వండితే మాత్రం దాన్ని మోటు మాట అన్నాను.

నేను ప్రకాశం జిల్లా నుంచి తెచ్చాననుకున్న కొలబద్ద కూడా ఈ ఊళ్లో తయారైనదే. బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి పెరుంబూదూరులో పుట్టి మద్రాసులో తెలుగు చెప్పినవారు. 1852లో బ్రౌను దొర నిఘంటువు ఇక్కడే అచ్చయింది. 1947లో చందమామ పుట్టింది ఇక్కడే. అలాంటి ఊళ్లో పుట్టిన పిల్లవాడికి నీది తెలుగు కాదని చెప్పడానికి నేనెవరిని?

ఇంతలో 2006 చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. చాలామంది తల్లిదండ్రులు కంగారుపడ్డారు, వాళ్ల కంగారులో న్యాయం ఉంది. కానీ నేను చూసింది చెబుతాను. తమిళం నేర్చుకున్నందుకు తెలుగు పోగొట్టుకున్న పిల్లలు నాకు ఎక్కువమంది కనబడలేదు. తమ తెలుగును చూసి సిగ్గుపడి వదిలేసిన పిల్లలు చాలామంది కనబడ్డారు. ఆ సిగ్గు నేర్పినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ సిగ్గు ఎలా ఉంటుందో తర్వాత నాకూ తెలిసింది. ఊరికి వెళ్లి మా చెల్లెలి కొడుకును “మీ హాస్టల్ విలాసం రాసివ్వు నాన్నా” అని అడిగాను. వాడికి అర్థం కాలేదు. ఇంటిల్లిపాదీ నవ్వారు. “అక్కా, నీ తెలుగు మారిపోయింది” అంది చెల్లెలు ప్రేమగానే. ఆ పూటంతా నేను ఆచితూచి మాట్లాడాను. సొంత ఇంట్లో, తోడబుట్టినదానితో మాట్లాడేటప్పుడు కూడా ఏ మాట తప్పవుతుందోనని ముందు లోపల చూసుకుని ఆ తర్వాత నోరు తెరవడం. ఆ అబ్బాయికి పన్నెండేళ్ల వయసులో నేను నేర్పింది అదే.

ఇప్పుడు నా తరగతిలో ప్రతి పిల్లకూ ఒక పొడుగు నోటుపుస్తకం ఉంటుంది. పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత. ఎడమవైపు ‘ఇంటి మాట’, కుడివైపు ‘పుస్తకం మాట’. పరీక్షలో కుడివైపుది రాయాలి, అందులో రాజీ లేదు. ప్రామాణిక భాష రాకపోతే పిల్లలు పత్రిక చదవలేరు, ఉద్యోగానికి అర్జీ రాసుకోలేరు. కానీ ఎడమవైపు మాటను ఎవరూ కొట్టేయకూడదు. నేను అసలు కొట్టేయను. ఇంట్లో అవ్వను, తాతను అడిగి వారానికి ఐదు మాటలు తేవాలి. తెలుగు లిపి రాని పెద్దవాళ్లు చెబుతుంటే పిల్లలు రాస్తారు.

పోయిన నెల ఐదో తరగతి అమ్మాయి ఎడమవైపు ‘తిన్నె’ అని రాసింది. ఇంటి ముందు కూర్చునే అరుగు. కుడివైపు ఏం రాయాలో తేల్చుకోలేక నా దగ్గరికి వచ్చింది. “టీచర్, పాఠంలో ఇసుకతిన్నెలు అని ఉంది కదా. సముద్రం దగ్గర తిన్నె పుస్తకం మాట అయితే, మా ఇంటి ముందు తిన్నె కూడా పుస్తకం మాటే కదా?” అని అడిగింది. రెండు వైపులా ‘తిన్నె’ అనే రాసుకోమన్నాను.

తలుపు దగ్గర బల్ల మీద అలాంటి నోటుపుస్తకమే ఒకటి పెట్టాను, పెన్ను కూడా ఉంది, నీలం సిరాది. వెళ్లే ముందు ప్రతి ఒక్కరూ మీ అమ్మ అనే మాటో, అవ్వ అనే మాటో ఒకటి ఎడమవైపు రాసి వెళ్లండి. కుడివైపు ఖాళీగా వదిలేసినా ఫర్వాలేదు. మొదటి వరుసలో ‘కూడు’ అని నేను రాశాను.