పసుపు 'సి' గుర్తు వేసుకున్న ఐరిష్ ఆడవాళ్లు | హోబార్ట్ తెలుగు వ్లాగ్

నమస్తే అండీ! ఇవాళ ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో, సౌత్ హోబార్ట్‌లో ఉన్నాం. ఈ రాతిగోడల లోపలిది కాస్కేడ్స్ ఫీమేల్ ఫ్యాక్టరీ. పేరుకే ఫ్యాక్టరీ, నిజానికి ఆడవాళ్ల జైలు. 1828 నుంచి 1856 దాకా నడిచింది. అదిగో, పైన వెల్లింగ్టన్ కొండ. దాని నీడలో, వాగు ఒడ్డున పల్లంలో కట్టారు. ఎండ తక్కువ, చెమ్మ ఎక్కువ. ఇక్కడ పుట్టిన పసిపిల్లలు ఎంతోమంది దక్కలేదు.

అప్పట్లో బ్రిటిష్ సర్కారు ఖైదీలను ఓడల్లో ఆస్ట్రేలియాకు పంపేది. 1840లో అక్కడి న్యూ సౌత్ వేల్స్‌కు పంపడం ఆగాక ఐరిష్ ఆడవాళ్ల ఓడలు నేరుగా ఇక్కడికే వచ్చాయి. ముందు ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లోని గ్రేంజ్‌గోర్మన్ జైల్లో ఉంచేవారు, ఆ తర్వాత మూణ్ణాలుగు నెలల సముద్ర ప్రయాణం. ఎక్కువమందివి దొంగతనం కేసులే, శిక్ష ఏడేళ్లో పదేళ్లో. 1845 నుంచి ఐర్లండ్‌లో కరువు ముదిరాక, ఓడ ఎక్కిస్తే తిండైనా దొరుకుతుందని కావాలనే గడ్డివాములకు నిప్పుపెట్టినవాళ్లూ ఉన్నారు. మన ద్వీపాంతర శిక్ష లాంటిదే ఇది. గడువు తీరినా తిరుగు ఓడ ఖర్చు సర్కారు ఇచ్చేది కాదు.

దిగాక ఇళ్లల్లో పనికి పెట్టేవారు. యజమానికి ఎదురు మాట్లాడినా, చెప్పకుండా బయటికెళ్లినా మళ్లీ ఈ గోడల మధ్యకే. అలా శిక్ష పడినవాళ్లది 'శిక్ష తరగతి' (క్రైమ్ క్లాస్). వాళ్ల జాకెట్ వీపుకీ, చేతికీ, లంగాకీ పెద్ద పసుపు 'సి' అక్షరం కుట్టేవారు. పని బట్టలుతకడం, లేదంటే తాడు పీకడం. తారు పట్టి గట్టిపడిన పాత ఓడతాళ్లను పురివిప్పి, గోళ్లతో పోగులు పోగులుగా చెయ్యాలి. ఆ పీచును ఓడ చెక్కల సందుల్లో కూరి తారు పూసేవాళ్లు. వేళ్లు చిట్లి నెత్తురు కారేది.

పనిచేసే ఇంట్లో గర్భం వస్తే అదీ నేరమే. ఇక్కడికే పంపేవారు. పాలు మాన్పించగానే తల్లిని శిక్ష తరగతికి మార్చేవారు. అంత తొందరగా మాన్పించడమే చాలామంది పిల్లల ప్రాణాల మీదికి తెచ్చింది. బతికిన బిడ్డకు రెండుమూడేళ్లు రాగానే న్యూ టౌన్ అనాథ స్కూలుకి పంపించేవారు. తండ్రిని అడిగే దిక్కు లేదు.

వీళ్ల రికార్డులు టాస్మేనియా లైబ్రరీ సైటులో ఉచితంగా చూడొచ్చు. 1844 తర్వాత వచ్చినవాళ్లకైతే ఖైదీల నడవడిక రాసిన 'కాన్ 41' (CON41) రిజిస్టర్లు తెరవండి. గుమస్తాలు ఐరిష్ పేర్లను చెవికి విన్నట్టు రాసేశారు కాబట్టి పేరు దొరకకపోతే ఓడ పేరుతో వెతకండి. ఒంటి ఎత్తు, పుట్టిన ఊరు, చదువు, చేసిన ప్రతి తప్పూ, పడిన ప్రతి శిక్షా తేదీలతో ఉంటాయి.

ఇంకొక్క మాట. ఈ తొట్లలో ఉతికిన మూటల్లో ఆ అనాథ స్కూలు పిల్లల బట్టలు కూడా ఉండేవి.