గాలి ఏ దిక్కు నుంచి వస్తోంది?

శ్రోతలందరికీ నమస్కారం. మన గోదావరి డెల్టాలో ఎండ, వాన, తుపాను, చలి మిగతా చోట్ల కన్నా ఎలా వేరుగా ఉంటాయో, వాటిని మనమే ఎలా గమనించుకోవచ్చో ఈ పూట చెప్పుకుందాం.

మే నెలలో సాయంత్రం వార్తల చివర ఉష్ణోగ్రతలు చదువుతారు. భద్రాచలం 42 డిగ్రీలు, కాకినాడ 36 డిగ్రీలు అని వినగానే భద్రాచలంలో ఉన్న చుట్టాల మీద జాలి పడతాం. నిజానికి ఆ మధ్యాహ్నం జాలి పడాల్సింది కాకినాడ బస్టాండులో నిలబడ్డవాళ్ళ మీద. చొక్కా వీపుకి అతుక్కుపోతుంది, తువ్వాలు పిండితే నీళ్ళు కారతాయి, ఫ్యాను కిందికి వచ్చినా చెమట ఆరదు. భద్రాచలంలో వేపచెట్టు నీడ దొరికినవాడికి ఆ ఉక్కపోత ఉండదు.

కారణం గాలిలో తేమ. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే చెమట కారుతుందే తప్ప ఆరదు. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే నీడలో ఉన్న ఒంటికి అది దాదాపు 42 లాగానే తెలుస్తుంది. 36 డిగ్రీలకి తేమ 60 శాతం తోడైతే 48 దగ్గర ఉన్నట్టు అనిపిస్తుంది. వాతావరణ శాఖ లెక్కలోనూ ఈ తేడా ఉంది. వడగాలులు ప్రకటించే విషయం పరిశీలించాలంటే మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరాలి, తీర ప్రాంతాల్లో 37 చాలు. ఆ పైన, మామూలుగా ఉండాల్సిన దానికన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉందా అన్నది చూస్తారు.

తేమ శాతాలు పోల్చేటప్పుడు చాలామంది ఒక పొరపాటు చేస్తారు. హైదరాబాదులో పొద్దున్న తేమ 80 శాతం, మా ఊళ్ళో మధ్యాహ్నం 60 శాతమే, కాబట్టి మాదే పొడిగా ఉంది అంటారు. గాలి చల్లగా ఉన్నప్పుడు కొద్దిపాటి తేమకే శాతం పెరిగిపోతుంది. అదే గాలి మధ్యాహ్నానికి వేడెక్కితే, చుక్క నీరు తగ్గకపోయినా శాతం సగానికి పడిపోతుంది. ఏ రెండు ఊళ్ళని పోల్చినా ఒకే గంట లెక్క తీసుకోవాలి. పొద్దున్న ఎనిమిదిన్నరకైతే రెండు చోట్లా ఎనిమిదిన్నరకే.

ఇంట్లో తేమ చూసుకోవడానికి రెండు మామూలు గోడ థర్మామీటర్లు చాలు. ముందు రెండింటినీ పక్కపక్కన గంటసేపు ఉంచి, ఒకే అంకె చూపిస్తున్నాయో లేదో చూడండి. తేడా ఉంటే రాసిపెట్టుకుని తరవాత లెక్కలో సర్దుకోవాలి. ఒకదాని కింది బుడ్డికి పలుచని పాత నూలుబట్ట ఒక్క పొర చుట్టి, శుభ్రమైన నీళ్ళతో తడపండి. నీడలో పెట్టి ఐదు నిమిషాలు విసనకర్రతో గట్టిగా విసరండి. తడి థర్మామీటరు దిగి దిగి ఒక చోట ఆగుతుంది. పొడిది 36, తడిది 29 చూపిస్తే తేమ 60 శాతం. పొడిది 42, తడిది 23 అయితే 20 శాతం దగ్గర. విసరకుండా చూస్తే తడి థర్మామీటరు దిగాల్సినంత దిగదు, లేని తేమ ఉన్నట్టు చూపిస్తుంది. బోరు నీళ్ళతో తడిపినా ఇదే తంటా. సఖినేటిపల్లి, అల్లవరం వైపు బోర్లలో ఉప్పు ఎక్కువ కదా, నాలుగు రోజులకే బట్ట మీద ఉప్పు పేరుకుని ఆవిరి సరిగా పోదు. వాన నీళ్ళు గానీ డిస్టిల్డ్ వాటరు గానీ వాడాలి, బట్ట వారానికోసారి మార్చాలి.

ఎయిర్ కూలరు కొనాలా వద్దా అన్నది కూడా ఆ తడి థర్మామీటరే చెబుతుంది. కూలరు ఎంత మంచిదైనా అందులోంచి వచ్చే గాలి తడి థర్మామీటరు చూపించిన అంకె కన్నా కిందికి దిగదు. ఎండిన ప్రాంతంలో 42కీ 23కీ మధ్య 19 డిగ్రీలు ఉన్నాయి, బాగా పనిచేసే కూలరు అందులో ఐదింట నాలుగు వంతులు తగ్గిస్తే 27 డిగ్రీల గాలి వస్తుంది. మన దగ్గర 36కీ 29కీ మధ్య ఉన్నది ఏడే. వచ్చే గాలి 30 దాటే ఉంటుంది, పైగా గదిలో తేమ ఇంకా పెరుగుతుంది. తలుపులన్నీ మూసి కూలరు వేసుకుంటే తెల్లారేసరికి దిండ్లు చెమ్మగిల్లుతాయి. కోనసీమలో కూలరుకి పెట్టే డబ్బు మంచి సీలింగు ఫ్యానుకీ, ఎదురెదురు కిటికీలకీ పెట్టడం మేలని మా అభిప్రాయం.

ఇంతకీ డెల్టాలో ఎండ తీరు ఏ పూటకాపూట నిర్ణయించేది గాలి దిక్కు. వేసవిలో మామూలు రోజున నేల వేడెక్కి, పొద్దున్న పది పదకొండు గంటల మధ్య అంతర్వేది, ఓడలరేవు తీరాన సముద్రపు గాలి మొదలవుతుంది. మధ్యాహ్నం దాటేలోపు అమలాపురానికి అందుతుంది. రావులపాలెం చేరేసరికి ఇంకా ఆలస్యం, అప్పటికే ఎండ పతాకస్థాయికి వెళ్ళి ఉంటుంది. రాజమహేంద్రవరానికి పొద్దు వాలాక అందితే అందినట్టు, లేకపోతే లేదు. ఒకే జీవనది ఒడ్డున ఉన్న ఊళ్ళ మధ్య నాలుగైదు డిగ్రీల తేడా రావడానికి కారణం ఇదే.

రోహిణి కార్తెలో ఈ లెక్క తిరగబడుతుంది. మే చివర, జూన్ మొదట్లో పడమటి గాలి బలంగా వీస్తుంది. తెలంగాణ, విదర్భ నేల మీద కాగి వచ్చిన పొడి గాలి అది. సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వకుండా వెనక్కి నెట్టేస్తుంది. ఆ రోజుల్లో కాకినాడ, మచిలీపట్నం కూడా 44, 45 డిగ్రీలు చూస్తాయి, రాత్రి పదింటికి కూడా గోడలు సెగలు కక్కుతాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట పుట్టింది ఈ గాలికే. కాబట్టి పొద్దున్న తొమ్మిదింటికి కొబ్బరాకులు ఎటు ఊగుతున్నాయో చూడండి. ఆకు తూర్పుకి వాలి, పెదాలు పొడారుతుంటే ఆ రోజు సముద్రం మనకి సాయం రాదు. పొలం కూలీలైనా, ఇటుక బట్టీ పనివాళ్ళైనా పదకొండుకల్లా నీడకి చేరాల్సిన రోజది.

ఇక వాన సంగతి. రేడియోలో మండలానికి 40 మిల్లీమీటర్లు అన్నారు, మా చేలో దుమ్ము కూడా అణగలేదు అని రైతులు విసుక్కుంటారు. ఇద్దరి మాటా నిజమే. నైరుతి రాకముందు కురిసే ఉరుముల వాన ఒక మేఘం కింద ఒక ఊరికే పరిమితం. ముసురు పట్టినప్పుడు, వాయుగుండం వచ్చినప్పుడు మాత్రం మండలం లెక్క చేను లెక్కకి దగ్గరగా ఉంటుంది. సొంతంగా కొలుచుకోవాలంటే అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పు ఉన్న డబ్బా కావాలి. టీ గ్లాసులా పైకి వెడల్పయ్యేది పనికిరాదు, ఎక్కువ నీరు పట్టి లెక్క పెంచేస్తుంది. చెట్టో ఇల్లో ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెండింతల దూరంలో పెట్టాలి. కొబ్బరిచెట్టు కింద పెడితే ఒక రోజు మట్టల నీరు ధారగా పడి ఎక్కువ చూపిస్తుంది, ఇంకో రోజు అసలు పడదు. నేల నుంచి అడుగు ఎత్తున నిలబెట్టండి, లేకపోతే చిందిన నీరు చేరుతుంది. పొద్దున్న ఎనిమిదిన్నరకి స్కేలుతో లోతు చూసి, రాసుకుని, వంచేయండి. ఒక మిల్లీమీటరు అంటే ఎకరానికి నాలుగు వేల లీటర్ల పైచిలుకు. వాతావరణ శాఖ భారీ వర్షం అనేది 64.5 మిల్లీమీటర్ల నుంచి. అంటే ఎకరం చేలో రెండున్నర లక్షల లీటర్లు దిగినట్టు.

అన్ని నీళ్ళు ఎటు పోతాయన్నదాన్ని బట్టే మెట్టకీ డెల్టాకీ తేడా. జంగారెడ్డిగూడెం, చింతలపూడి వైపు వంద మిల్లీమీటర్లు కురిస్తే వాగులు పొంగి, రోడ్లు తెగి, మర్నాటికి చేలు బయటపడతాయి. అదే వాన భీమవరం, పాలకొల్లు చుట్టూ పడితే మూడు నాలుగు రోజులు నిలిచిపోతుంది. నేలకి వాలు లేదు. యనమదుర్రు డ్రెయినైనా, ఉప్పుటేరైనా సముద్రంలో కలిసే చోట పోటు వేళ నీరు లోపలికి తీసుకోదు, ఆటు కోసం ఆగాలి. అమావాస్యకో పౌర్ణమికో పోటు ఎక్కువ, కాబట్టి ఆ తిథుల్లో కురిసిన వాన చేలో ఇంకా ఎక్కువ సేపు ఉంటుంది. సూచన విన్న రోజునే పంచాంగం కూడా చూసి, బోదెల్లో గుర్రపుడెక్క ముందే లాగేసుకోవడం డెల్టా రైతు చేయాల్సిన పని. ఏడాది మొత్తం మీద మనకి సుమారు 1100 మిల్లీమీటర్లు, అనంతపురానికి అందులో సగం. అక్కడ పడని వానకి ఏడుస్తారు, ఇక్కడ పోని నీటికి.

పైగా మన దగ్గర చినుకు లేకుండానే ఊళ్ళు మునుగుతాయి. జూలై, ఆగస్టుల్లో మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో, తెలంగాణలో కురిసినది గోదావరిలో ఎర్రనీరై దిగుతుంది. ఆ నెలల్లో నది మధ్య లంకల్లో ఉన్నవాళ్ళకి అమలాపురం వాతావరణం కన్నా భద్రాచలం నీటిమట్టం ముఖ్యం. అక్కడ 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర అవి 11.75, 13.75, 17.75 అడుగులు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. భద్రాచలంలో మట్టం పెరుగుతుంటే పశువుల్ని గట్టెక్కించడానికి లంకవాళ్ళకి దాదాపు ఒక రోజు వ్యవధి ఉంటుంది. నెత్తిన ఎండ కాస్తోంది కదా అని ఆ రోజు పోగొట్టుకోకూడదు.

తుపాను దగ్గర గాలి దిక్కుని మించిన గుర్తు లేదు. గాలికి వీపు పెట్టి నిలబడండి. మీ ఎడమచేతి వైపు, కాస్త ముందుకి, తుపాను కేంద్రం ఉంటుంది. నరసాపురంలో ఈశాన్యపు గాలి వీస్తోందంటే కేంద్రం ఆగ్నేయాన, సముద్రం మీద ఉంది. తరవాత గంటగంటకీ దిక్కు రాసుకోండి. ఈశాన్యం నుంచి తూర్పుకీ, ఆగ్నేయానికీ తిరిగితే తుపాను మీకు దక్షిణంగా దాటుతోంది. సముద్రాన్ని మీ మీదికి తోసే గాలి అది, ఉప్పెన భయం అటువైపే ఎక్కువ. ఈశాన్యం నుంచి ఉత్తరానికీ, వాయవ్యానికీ తిరిగితే మీకు ఉత్తరంగా దాటుతోంది, ఉప్పెన తక్కువ. దిక్కు మారకుండా బలం మాత్రం పెరుగుతుంటే నేరుగా మీ ఊరి మీదికే వస్తోంది. అలాంటప్పుడు మధ్యలో గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది, చుక్కలు కూడా కనపడొచ్చు. ఎగిరిన రేకు తెచ్చుకుందామని బయటికి వెళ్ళొద్దు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే బలంతో గాలి తిరిగి కొడుతుంది. మొదటి గాలికి వేళ్ళు కదిలిన కొబ్బరిచెట్లు రెండో గాలికి పడతాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటి కోనసీమ తోటల్ని నేలకూల్చింది. తీరం ఒకటే అయినా, కేంద్రానికి ఏ పక్కన ఉన్నామన్న దాన్ని బట్టి నష్టం మారిపోతుంది.

నవంబరు, డిసెంబరుల్లో తుపాను కబురు వచ్చేసరికి సార్వా పంట, అంటే ఖరీఫ్ వరి, కోతల మీద ఉంటుంది. కోసి పరిచిన పనల మీద వాన పడితే రెండు మూడు రోజుల్లో గింజ మొలక వేస్తుంది. నీరు తీసేశాక లీటరుకి 50 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్ళు పనలు బాగా తడిసేలా పిచికారీ చేస్తే మొలక ఆగుతుంది, రంగు మారడం తగ్గుతుంది. ఎకరానికి 200 లీటర్ల నీరు, 10 కిలోల ఉప్పు. కోయని పైరైతే కోత ఆపి, గట్లకి గండి కొట్టి ఉంచాలి.

చలికాలం మనకి తేలిక. ఆదిలాబాదులో పది డిగ్రీల లోపుకి దిగిన రాత్రి కాకినాడలో ఇరవై దగ్గర ఉంటుంది, పక్కన సముద్రం ఉండటం వల్ల. నిజామాబాదు, కరీంనగర్ రైతులు యాసంగి నారుమడి మీద రాత్రిళ్ళు పాలిథీన్ పట్టా కప్పి పొద్దున్నే తీస్తారు, చల్లబడిన నీరు వదిలి కొత్త నీరు పెడతారు. మన దాళ్వా, అంటే రెండో పంట, నారుకి ఆ శ్రమ లేదు. మనకున్న బెడద మంచు. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి పడిపోయి, చేలు తడిగా ఉన్న రాత్రి తెల్లవారుజామున కాలువ గట్ల మీద పొగమంచు దట్టంగా కమ్ముతుంది. ముందురోజు సాయంత్రం ఈ మూడూ ఉన్నాయనిపిస్తే కాలువ రోడ్డు ప్రయాణం ఎనిమిది దాటాక పెట్టుకోండి. హెడ్‌లైటు ఎత్తి వేస్తే మంచు మీద పడి కళ్ళలోకే కొడుతుంది, దించి వేయాలి.

కళ్ళంలో ధాన్యం ఉన్నవాళ్ళు ఆ మంచు విడిచాకే బరకం తీసి ఆరబెట్టాలి. తొందరపడి ఆరింటికే తీస్తే రాత్రంతా కాపాడిన గింజ మళ్ళీ చెమ్మ పీలుస్తుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. సాయంత్రం నాలుగున్నరకే, నేల చల్లబడకముందే, రాశి పోసి కప్పేయండి.

నమస్కారం.