కాలిన కాంక్రీటులో కమ్మీలకు బలం ఎంత మిగిలింది?

నమస్కారం. చెన్నై అంబత్తూరులో మంటల్లో చిక్కుకున్న ఒక గోదాములో ఉన్నాం. కింద సపోర్టులు పెట్టించాకే లోపలికి వచ్చాం, మీరూ అంతే చేయండి. పైకి చూడండి. స్లాబు పెచ్చులూడి నల్లటి కమ్మీలు బయటపడ్డాయి. 'ఇనుమంతా కాలిపోయింది, కూల్చేయండి' అనేవాళ్లకు కొదవ ఉండదు. మసిని చూసి తీర్పు చెప్పకూడదు. కమ్మీ దాకా ఎంత వేడి చేరిందో తేల్చాలి.

మంటల్లో ఉండగా 550–600 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉక్కు బలం సుమారు సగానికి పడిపోతుంది. చల్లారాక కోలుకుంటుంది. మామూలు హాట్ రోల్డ్ కమ్మీ, అంటే ఎర్రగా కాలినప్పుడే రోలర్ల మధ్య సాగదీసినది, 600 వరకు వేడెక్కినా దాదాపు పూర్వపు బలానికి వస్తుంది. పాత భవనాల్లోని మెలితిప్పిన టోర్ కమ్మీకి హద్దు 450. టీఎంటీ కమ్మీ పైపొరకు గట్టిదనం వచ్చేది తయారీలో నీళ్లతో ఒక్కసారిగా చల్లార్చడం వల్ల. 600 దాటితే ఆ పొర మెత్తబడుతుంది, మళ్లీ గట్టిపడదు. ప్రీస్ట్రెస్డ్ తీగలైతే, అంటే కాంక్రీటులో ముందే బిగించి లాగి పెట్టిన ఉక్కు తీగలైతే, 400 లోపే దెబ్బతినడం మొదలవుతుంది. అక్కడ ఎవరి ధీమానూ నేను నమ్మను.

మరి చేరిన వేడి ఎంతో ఎలా తెలుస్తుంది? మేస్త్రీ గారూ, ఇక్కడ ఉలితో కొట్టండి. సుమారు 300 దాటిన కాంక్రీటు గులాబీ రంగుకు, 600 దాటితే తెల్లటి బూడిద రంగుకు మారుతుంది. ఆ రంగు కమ్మీ లోతు దాకా వెళ్లిందా అన్నది కోర్, అంటే కాంక్రీటులోంచి గుండ్రటి ముక్క, కోసి తీసి చూడాలి. ఇక్కడే ఒక చిక్కుంది. గులాబీ రంగు కంకరలోని ఇనుప సమ్మేళనాల వల్ల వస్తుంది. మన నల్లరాతి కంకరలో అది సరిగా కనబడకపోవచ్చు. కనబడలేదు కాబట్టి వేడి తగలలేదనుకుంటే మోసపోతాం. ఇదిగో, ఈ అల్యూమినియం కిటికీ చట్రం కరిగి కారింది. అంటే ఇక్కడి గాలి 600 దాటింది. అది గాలి లెక్కే, కవర్ (కమ్మీని కప్పి ఉంచే కాంక్రీటు పొర) వెనకాల ఉన్న కమ్మీకి అంత సోకి ఉండకపోవచ్చు.

వంగి బయటికి ఉబ్బిన కమ్మీలకు పరీక్షలెందుకు, మార్చేయండి. మిగతావాటిలో భారం తక్కువగా ఉండే చోట ముక్క కోసి ల్యాబుకు పంపాలి. మంట తగలని గదిలోంచి ఇంకో ముక్క తీసి పక్కన పెట్టకపోతే ఆ రిపోర్టును దేనితోనూ పోల్చలేం. ఎఫ్‌ఈ 500 రకం కమ్మీకి ఐఎస్ 1786 అనే భారతీయ ప్రమాణం ప్రకారం ఈల్డ్ బలం (కమ్మీ శాశ్వతంగా సాగడం మొదలయ్యే చోటి బలం) కనీసం 500 న్యూటన్లు, చదరపు మిల్లీమీటరుకు. సాగే గుణాన్ని కూడా చూడండి.

ఈ గోదాములో పీవీసీ వైర్లు బాగా కాలాయి. ఆ పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. దాని క్లోరైడు కాంక్రీటులోకి ఇంకితే, బలం తగ్గని కమ్మీకి కూడా తర్వాత తుప్పు పడుతుంది. సముద్రపు గాలి ఉన్న ఊళ్లో దీన్ని వదిలేయకండి. ప్లాస్టరింగ్‌కు ముందే వేర్వేరు లోతుల్లో డ్రిల్ పొడి తీసి క్లోరైడు పరీక్షకు పంపండి.